ఖాళీ వాకిట్లో ముగ్గు

"పెద్దమ్మ ఇయ్యాల ముగ్గెయ్యలేదమ్మా."

మా అత్త పోయిందన్న కబురు నాకు ఈ మాటగా వచ్చింది. చెప్పినవాడు కావలిలో ఆమె ఇంట్లో రెండో పోర్షనులో అద్దెకుండే దర్జీ. పొద్దున్నే బస్సెక్కి, నెల్లూరులో దిగి, ఇంకో బస్సు పట్టుకుని తోటపల్లి గూడూరు వచ్చి, నేను పాఠాలు చెప్పే బడి ఎక్కడో కనుక్కుని, తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మెడలో కొలతల టేపు అట్లాగే వేలాడుతూ ఉంది. దాన్ని తీసి పెట్టి రావాలన్న ధ్యాస కూడా లేకుండా వచ్చాడు.

"టెలిగ్రాం ఇద్దామనుకున్నాం. ఆ కాగితం చూసి బెదిరిపోతావని నేనే వచ్చినా," అన్నాడు. టేపు కొసను వేలికి చుట్టుకోసాగాడు.

నేను ఏమైందని అడగలేదు. ముగ్గు వెయ్యలేదంటే చాలు. ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా గోడ పట్టుకుని వచ్చి, వాకిట్లో ముగ్గేసి మళ్లీ పోయి పడుకున్న మనిషి ఆమె. అదీ ఒక వాకిలికి కాదు, రెండు వాకిళ్లకు. ఆ రెండో వాకిలి ముగ్గుతో ఆమె నన్ను విసిగించినట్టు ఈ భూమ్మీద ఇంకెవరూ విసిగించలేదు. పోయినవాళ్లను గురించి రాసేటప్పుడు కోపం పక్కన పెట్టాలంటారు. నా వల్ల అయ్యే పని కాదు. కోపం తీసేస్తే ఆమెను గురించి నా దగ్గర మిగిలేది సగమే.

ఆమె మా నాన్నకు అక్క. నేను ట్రైనింగు ముగించి కావలిలో ఆడపిల్లల బడిలో చేరింది నయాపైసలు వచ్చిన కొత్తలో. "నా ఇల్లుండగా పిల్ల ఇంకోచోట ఉండేదేంది?" అని బస్టాండుకే వచ్చి నా చేతిలో పెట్టె లాక్కుంది. ట్రంకు రోడ్డు దాటి లోపలికి పోతే రెండో వీధిలో ఆమెది పెంకుటిల్లు. ఒకే కప్పు కింద రెండు పోర్షన్లు, వీధిలోకి రెండు వాకిళ్లు, ఒక్కో గడప ముందు ఒక్కో నల్లబండ. వాళ్లకు పిల్లల్లేరు. చేతకాని రోజుల్లో ఎవరి ముందూ చెయ్యి చాపకుండా అద్దెతో బతకొచ్చని మామ ఆ రెండో పోర్షను కట్టించాడు. కట్టించి ఎక్కువ కాలం ఉండలేదు. మామ పోయాక ఆ అద్దే ఆమెకు ఆధారమైంది. అందులో కాపురమున్న తాలూకా ఆఫీసు గుమాస్తా బదిలీ అయి వెళ్లిపోయాడు. నేను ఆ ఇంట్లో కాలు పెట్టేనాటికి పోర్షను ఖాళీగా ఉంది.

నా జీతంలోంచి ఇంటి ఖర్చుకు ఇస్తానంటే ముట్టుకోలేదు. "మేనకోడలి జీతం తినేదానికా మీ మామ ఇల్లు కట్టింది?" అంది.

కొడవలూరులో మామ తమ్ముడున్నాడు, నాకు చిన్నమామ. వరిపొలాలు, పశువులు, పెద్ద సంసారం. చెడ్డవాడు కాదు. ఆ మాట ఇక్కడ చెప్పకపోతే అన్యాయమవుతుంది. వదినగారు ఒంటరిగా ఇబ్బంది పడుతుందని నిజంగానే బాధపడేవాడు. ఆ బాధ తీర్చడానికి ఆయనకు తెలిసిన దారి ఒక్కటే. ఒకరోజు వచ్చి అరుగు మీద కూర్చుని ఖచ్చితంగా చెప్పేశాడు.

"కోతలైనాక బండి తెస్తా వదినా. అప్పటికి ఆ పోర్షన్లోకి ఎవరన్నా వచ్చుంటే సరి, నువ్వీడే ఉండు. రాకపోతే ఇల్లు బేరం పెట్టేస్తా, నువ్వు మా ఇంటికి వచ్చేయ్. ఖాళీ ఇంటిని కాపలా కాసుకుంటా పస్తులుంటావా ఏంది?"

అత్త తల ఊపింది. ఆయన వెళ్లాక వంటింట్లోకి వచ్చి, పొయ్యి ముందు కూర్చుని, పుల్లలు ఎగదోస్తూ ఒక మాట అంది. "వాళ్లు బాగానే చూస్తారు పాపా. ఒకరి పొయ్యికాడ నాకు చెయ్యి ఆడదు, అంతే."

అంతమాత్రానికే నాకు అర్థమైంది. కోతల్లోగా ఆ పోర్షనులోకి ఒక మంచి కుటుంబం దిగాలి. దిగకపోతే ఆమె తన పొయ్యి, తన బావి, తన వాకిలి వదులుకుని, కొడవలూరులో ఎవరో వడ్డిస్తే తినే మనిషవుతుంది. అది ఆమె తట్టుకోలేదు. అందుకని పని నేను నెత్తికెత్తుకున్నాను.

కష్టమేమీ కాదనుకున్నాను. కావలికి కాలేజీ వచ్చినప్పటి నుంచి అద్దె ఇళ్లకు మంచి గిరాకీ. మా వీధి మొదట్లో ఒకాయన మేకలు కట్టేసే సావిడికి తడికె అడ్డం పెట్టి సున్నం కొట్టిస్తే, దానిలోకే మనుషులు దిగారు. మాది సావిడి కాదు కదా. చక్కటి ఇల్లు. పాలామెకు చెప్పాను, చాకలామెకు చెప్పాను, బళ్లో హెడ్మిస్ట్రెసు గారికి చెప్పాను, కాఫీ హోటలాయనకు మా బంట్రోతు చేత చెప్పించాను. అత్త తన వంతు తను చేసింది. సున్నం నానబెట్టి, నీలిమందు కలిపి, గోడలకు తనే కొట్టింది. సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఏటా పెచ్చులూడే గోడలు ఆ ఏడు తళతళా మెరిశాయి. రోజూ ఖాళీ పోర్షను తాళం తీసి ఊడ్చేది. సందెవేళ అందులో దీపం పెట్టేది. తెల్లారగానే రెండు వాకిళ్లూ కళ్లాపి చల్లి, రెండు బండల మీదా ముగ్గు వేసేది.

ఎవరూ రాలేదు.

అది నాకు అంతుపట్టేది కాదు. వీధిలోకి మనుషులు వస్తున్నారు, ఇళ్లకేసి చూస్తున్నారు, మా ఇంటి ముందు ఒక్క క్షణం ఆగుతున్నారు, మళ్లీ నడుచుకుంటూ పోతున్నారు. కిటికీలోంచి చూస్తున్న నాకు పరిగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కురావాలనిపించేది. అత్త మాత్రం చేటలో బియ్యం చెరుగుతూ, తల కూడా ఎత్తకుండా, "వస్తార్లే" అనేది.

వస్తార్లే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

చివరికి నేనే తీసుకొచ్చాను. బళ్లో నాతో పనిచేసే ఆవిడకు తెలిసినవాళ్లు, ఇత్తడి సామాన్ల కొట్టు పెట్టుకున్న దంపతులు. నెమ్మదైన మనుషులు. ఆయన గోడలు తట్టి చూశాడు, ఆమె పెరట్లో కరివేపాకు చెట్టు చూసి సంతోషపడింది. ఇక ఒప్పుకున్నట్టే అనుకున్నాను. అప్పుడు మా అత్త చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చి, వాళ్లు తాగేదాకా ఆగి, మొదలుపెట్టింది.

"ఇదిగో అమ్మా, వంటింట్లో ఈ మూల వానొస్తే కారుద్ది. అవతల నా వంటిల్లు కూడా అంతే. పెంకు మార్పించినా అదే తంతు. బావి నీళ్లకు పప్పు ఉడకదు, వంటకు రోడ్డవతల నుంచి తెచ్చుకోవాల. పక్కింటి కుక్క కరవదు గానీ నోరు మూయదు."

ఆ దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "చెప్తామమ్మా" అని వెళ్లారు. చెప్తామని వెళ్లినవాళ్లు రారని ఇళ్లు అద్దెకిచ్చే ప్రతివాళ్లకూ తెలుసు, మా అత్తకు తప్ప.

"అద్దెకిచ్చేవాళ్లు ఎవరన్నా ఇట్టా చెప్తారా అత్తా?" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"వానొచ్చిననాడు కప్పే చెప్పుద్ది గదా పాపా. అది చెప్పకముందు నేను చెప్తే, రేపు నేను ఇంకేం చెప్పినా నమ్ముతారు."

"నమ్మేదానికైనా ముందు ఇంట్లోకి రావాల గదా!"

"వస్తార్లే," అని గ్లాసులు కడగడానికి వెళ్లిపోయింది.

ఇంకోసారి కాలేజీ కుర్రాళ్లు వచ్చారు. వాళ్లకు కప్పు కారుతుందన్నా పట్టింపు లేదు, పప్పు ఉడకదన్నా పట్టింపు లేదు. ఇత్తడి కొట్టువాళ్ల కంటే వాళ్లే నయమనిపించింది. అత్త వాళ్లను కూర్చోబెట్టి దోసెలు పోసిపెట్టింది, ఏ ఊరు, అమ్మానాన్న ఏం చేస్తారు అని అన్నీ అడిగింది, కడుపు నిండాక ఇల్లివ్వనని చెప్పి పంపేసింది. ఎందుకంటే ఇంట్లో పెళ్లికాని మేనకోడలుంది, వీధి నోరు ఊరుకోదట. అంటే ఇల్లు ఖాళీగా పడుండటానికి ఇప్పుడు కారణం నేను. ఆ రోజు నేను అన్నం తినలేదు. ఆమె బతిమాలలేదు కూడా, మిగిలిన దోసె నా కంచంలో పెట్టి మూత పెట్టింది.

అసలు సంగతి బయటపడింది బళ్లో. కాలేజీలో పనిచేసే ఒక లెక్చరరు గారి భార్య తన కూతుర్ని చేర్పించడానికి వచ్చింది. ఎక్కడుంటున్నారని అడిగితే మా వీధి చివరి ఇల్లే చెప్పింది. గాలీ వెలుతురూ లేని కొంప అది. అందులో ఎందుకు దిగారని ఉండబట్టలేక అడిగేశాను.

"ఏం చేస్తామండీ, మీ ఇంట్లో ఒక భాగం ఖాళీ అని చాకలామె చెప్పింది. వచ్చి చూస్తే రెండు వాకిళ్లకూ ముగ్గుంది. సందెవేళ వస్తే రెండిళ్లలోనూ దీపముంది. ఎవరో దిగిపోయారనుకున్నాం."

"తలుపు కొట్టి అడగొచ్చు కదండీ!"

"ముగ్గేసుకుని కాపురం చేసుకుంటున్న ఇంటికొచ్చి, ఖాళీయా అని ఎట్లా అడుగుతామండీ? మీరు ఖాళీ చేస్తే మేం వస్తామన్నట్టు ఉండదూ?"

సాయంత్రం బడి వదలగానే ఇంటికి ఉరికాను. నెలల తరబడి మనుషులు మా ఇంటి ముందు ఆగి ఎందుకు వెళ్లిపోయారో ఇప్పుడు తెలిసింది. ఇల్లు పాడుబడ్డట్టు కనిపించకూడదని ఆమె చేసిన ప్రతి పనీ, ఇల్లు నిండిపోయిందని వీధికి చాటింది. చెప్పేశాను. దీపం, ముగ్గు రెండూ రేపటి నుంచి మానెయ్యమన్నాను. ఆమె నా కేసి చిన్నపిల్లను చూసినట్టు చూసింది.

"దీపమంటే సరే, మానేస్తా. ముగ్గు లేకపోతే ఎవురొస్తారే? గడప బోడిగా ఉంటే ఆ ఇంట్లో ఎవురో పోయినారనుకుంటారు. మనిషి పోయిన ఇంట్లో కాపురం పెడతారా ఎవురన్నా?"

"నువ్వు వేస్తుంటే మాత్రం ఎవరు పెట్టారు?"

"వస్తార్లే."

గోడకు చెప్పుకున్నా అంతకంటే మేలు. ఈ ముగ్గు విషయంలో ఆమె ఎవరి మాటా వినదు. మామ పోయిన కొత్తలో, భర్త పోయిన ఆడమనిషి ముగ్గెయ్యడమేమిటని వీధిలో ఒకరిద్దరు నసిగారట. "ఊడ్చేదానికి, పేడనీళ్లు చల్లేదానికి పనికొచ్చే చెయ్యి, ముగ్గుకాడికి వచ్చేసరికి చెడిపోద్దా?" అని అడిగిందట. మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వాళ్లే నోరు మూసుకున్నాక నేనెంత?

అయినా వదల్లేదు. వడ్రంగి దగ్గర ఒక చెక్క పలక తెచ్చి, మా డ్రాయింగు మేష్టారి చేత అందంగా "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అని రాయించాను. దాన్ని చూసి ఆమె మొహం చిట్లించింది. "ఇంటి మెడలో పలక కడతావా, సంతలో ఎద్దుకు కట్టినట్టు?" అని రెండు పూటలు మాట్లాడలేదు. ఆ తర్వాత ఏమనుకుందో ఏమో, "సరే, కట్టు" అంది. గెలిచాననుకున్నాను. రెండో వాకిలి గుమ్మానికి పలక మేకుకు తగిలించి బడికి వెళ్లాను.

సాయంత్రం తిరిగొచ్చి చూద్దును కదా, పలక అంచులన్నిటికీ పసుపు రాసి ఉంది. నాలుగు మూలలా కుంకుమ బొట్లు. దాని మీదుగా నిండుగా మామిడాకుల తోరణం. ఆకుల చాటు నుంచి కనిపిస్తున్న అక్షరాలు "బడును" మాత్రమే. కొత్త వస్తువు గడప మీదికెక్కితే పసుపు కుంకుమ లేకుండా ఎట్లాగట. ఎదురింటావిడ నన్ను ఆపి, "మీ కొత్త కాపురం వాళ్లు పాలు పొంగించుకున్నారా?" అని అడిగింది. నేను తోరణం పీకేశాను. మర్నాటికి ఇంకో తోరణం వచ్చింది. అదీ పీకేశాను. ఈ యుద్ధం ఎన్నాళ్లు సాగేదో గానీ, ఒక గాలివాన వచ్చి పలకను ఎగరేసుకుపోయి మా ఇద్దరినీ విడదీసింది.

ఈలోగా కోతలైపోయాయి. ట్రంకు రోడ్డు మీద గడ్డిబళ్లు వరసగా పోతుంటే చిన్నమామ బండి వచ్చిందేమోనని తొంగి చూసేదాన్ని. అత్త సర్దడం మొదలుపెట్టింది. ఇత్తడి బిందెలు తోమి గోనెపట్టాలో కట్టింది, మామ పటం పాతచీరలో చుట్టింది, రోలు ఎదురింటావిడకు ఇచ్చేసింది. చెప్పినట్టే ఒక ఉదయం చిన్నమామ బండి కట్టుకుని వచ్చాడు. ఆయనకు కాఫీ ఇచ్చి, బయటికొచ్చి, మామూలుగా కళ్లాపి చల్లి, తన గడప ముందు ముగ్గేసి, గిన్నె పట్టుకుని రెండో బండ ముందు గొంతుక్కూర్చుంది.

అది చూసేసరికి నాకు ఎక్కడ లేని దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. తరగతి నిండా పిల్లల అల్లరిని అణిచే గొంతు నాది. వీధిలో ఉన్నానన్న సోయి కూడా లేకుండా అరిచాను.

"ఇల్లొదిలి పోతుండావు, ఇంకా ఖాళీ ఇంటికి ముగ్గేందత్తా! ఇది ఖాళీ! ఇందులో ఎవురూ లేరు! ఖాళీ ఇల్లు, ఖాళీ ఇల్లు, ఖాళీ ఇల్లు!"

కిటికీలు తెరుచుకున్నాయి. పక్కింటి కుక్క అందుకుంది. చిన్నమామ కాఫీ గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆ సమయంలో తల మీద తెల్లటోపీతో, కుట్టిన బట్టల మూట భుజాన వేసుకుని వీధిన పోతున్న ఒక దర్జీ ఆగిపోయాడు.

"ఖాళీనా అమ్మా ఇది? రోజూ ఇట్టే పోతుంటాను, ఎవురో ఉండారనుకుంటినే!"

అత్త తల తిప్పలేదు. వేస్తున్న గీత పూర్తిచేసి, చేతులు దులుపుకుని, అప్పుడు లేచింది. తాళం తీసింది. ఆయన మూట అరుగు మీద పెట్టి లోపలికి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను. ఒద్దత్తా, ఈ ఒక్కసారికి నోరు కట్టేసుకో అని కళ్లతోనే వేడుకున్నాను. ఆమె నా కళ్లకేసి చూస్తే కదా. కప్పు కారుతుందని చెప్పింది, పప్పు ఉడకదని చెప్పింది, కుక్క సంగతి చెప్పింది. చెప్పడం అయ్యాక, మజ్జిగ మాట గుర్తొచ్చి అది కూడా ఇచ్చింది.

ఆయన మజ్జిగ తాగుతూ ఆ మూలకేసి చూశాడు.

"అయితే యాడ తడవదో అది చెప్పండి పెద్దమ్మా. మిషను ఆడ పెట్టుకుంటా."

మా అత్త అప్పుడు నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోను. ఇప్పటికీ తలుచుకుంటే చిరాకేస్తుంది.

చిన్నమామ ఆమెను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "సాయిబులకా వదినా?" అన్నాడు.

"ఇన్నాళ్లలో యాడ తడవదని అడిగినోడు ఇంకొకడు వచ్చినాడా అబ్బయా?" అంది ఆమె, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "నువ్వు బండి తిప్పుకో. పెరట్లో వంకాయలు కాసుండాయి, పట్టుకపో."

ఆయన వంకాయలు తీసుకుని కొడవలూరు వెళ్లాడు. అత్త ఎదురింటికి వెళ్లి తన రోలు తను అడిగి తెచ్చుకుంది.

దర్జీ భార్య దిగిన రోజునే బెరుగ్గా చెప్పింది, మాకు ముగ్గులెయ్యడం రాదమ్మా అని. "రాకపోతే పోనీలే. ఆ బండ నాది," అంది అత్త. అప్పటి నుంచి మళ్లీ రెండు వాకిళ్లకూ ముగ్గు. ఇంట్లో మనుషులొచ్చారు కదా, ఇంకా వాళ్ల గడపకు నువ్వెందుకు వెయ్యడమని నేను అడిగాను. "మనుషులుండే ఇల్లు గదా, వెయ్యకుండా ఎట్టా?" అంది. ఖాళీగా ఉన్నప్పుడు ఖాళీ అని వేసింది, నిండాక నిండిందని వేసింది. ఇలాంటి మనిషితో వాదించి గెలిచినవాళ్లుంటే నాకు చూపించండి.

ఆమె ముందే చెప్పినదాని విలువ తర్వాతి వానాకాలంలో తెలిసింది. చెప్పిన మూలే కారింది. ఆ మూలలో దర్జీ భార్య ముందే గంగాళం పెట్టి ఉంచింది. మిషను చుక్క తడవలేదు. ఆ కుటుంబం ఏనాడూ ఒక మాట అనలేదు, ఆమె ఏనాడూ ఒక మాట పడలేదు. రంజాను నాడు రెండో బండ మీద మామూలు కంటే పెద్ద ముగ్గు పడేది. కొత్తబట్టలేసుకున్న పిల్లలు దాన్ని తొక్కకుండా ఎగిరి దూకుతుంటే అరుగు మీద కూర్చుని చూసేది. నా పెళ్లయి నేను వచ్చేశాక ఒంటరిగా ఉండటం కష్టంగా లేదా అని అడిగితే, "గోడవతల మిషను చప్పుడు ఉండాది గదా, అది ఆగితేనే నాకు తోచదు," అంది.

నేను వెళ్లినప్పుడల్లా ఏదో ఒకదానికి పోట్లాడుకునేవాళ్లం. పోయినసారి వెళ్లినప్పుడు చూస్తే చెయ్యి వణుకుతోంది, చుక్కలు అటూ ఇటూ పడుతున్నాయి. ఇటివ్వు, నేను వేస్తానన్నాను. మారు మాట్లాడకుండా గిన్నె ఇచ్చింది. నాకే ఆశ్చర్యమేసింది. వేసి లోపలికెళ్లి, చీపురు చప్పుడు వినిపించి తొంగి చూస్తే, నేను వేసింది మొత్తం చెరిపేసి తన వంకర చుక్కలు తను పెట్టుకుంటోంది.

దర్జీతో కలిసి మేం కావలి చేరేసరికి పొద్దు వాలింది. వీధి నిండా మనుషులు. రెండు బండలూ బోడిగా, నల్లగా ఉన్నాయి. ఆమెను తన ఇంట్లోంచే, తన గడప దాటించి తీసుకెళ్లారు. నాకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్లూ ఆ ఇంటిని నిలబెట్టుకుంది కదా అనే అనుకుంటూ ఉన్నాను.

కర్మ ఇంకా కాలేదు. ఒక ఉదయం నేను అరుగు మీద కూర్చుని ఉంటే కొత్త దంపతులు ఎవరో వీధిలోకి వచ్చారు. ఇళ్లకేసి చూస్తూ వచ్చి, మా ఇంటి ముందు ఆగారు. అట్లా ఆగి వెళ్లిపోయినవాళ్లను ఎంతమందిని చూశానో. వీళ్లు వెళ్లిపోలేదు.

"ఇల్లు ఖాళీనా అమ్మా?" అని ఆ పిల్ల అడిగింది. "గడప ముందు ముగ్గు లేకపోతేను, అందుకని అడుగుతున్నాం."

ఆ ఒక్క ప్రశ్న కోసం ఆమె ఎన్ని నెలలు ఎదురుచూసింది! తలుపు తట్టకుండానే, నేను లాక్కురాకుండానే, చక్కటి జంట తమంతట తాము వచ్చి అడుగుతున్నారు. మజ్జిగ ఇవ్వడానికి ఆమె లేదు. నాకు ఎవరి మీదో తెలియనంత కోపమొచ్చింది.

లోపల్నుంచి చిన్నమామ వచ్చాడు. "ఖాళీనే. ఇటుపక్కది. చూసుకోండి," అని అత్త వాకిలి బార్లా తెరిచాడు. వాళ్లు లోపలికి వెళ్లారు. గది చూశారు, పెరడు చూశారు, వంటింట్లో నిలబడ్డారు.

"కప్పు గట్టిదేనా అండీ? వానకు కారదు కదా?"

"అబ్బే, శుభ్రంగా ఉంటుంది," అన్నాడు చిన్నమామ.

"కారుద్ది," అన్నాను నేను. "పొయ్యి పక్క ఈ మూల. పెంకు మార్పించినా అంతే. బావి నీళ్లకు పప్పు ఉడకదు. పక్కింటి కుక్క అరుస్తానే ఉంటది. మా అత్త పోయింది, ఇంకా కర్మ కూడా కాలేదు."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్తామని వెళ్లారు. చిన్నమామ వీధి మలుపు దాకా వాళ్లను చూసి, నా వైపు తిరిగాడు.

"అద్దెకిచ్చేవాళ్లు ఎవరన్నా ఇట్టా చెప్తారా అమ్మణ్ణీ?"

"వస్తార్లే," అన్నాను.

ఆయన తల కొట్టుకుంటూ లోపలికి పోయాడు. దర్జీ భార్య బిందెతో నీళ్లు తెచ్చి, దుమ్ము పట్టిన రెండు బండల మీదా కుమ్మరించింది. రాయి తడిసేకొద్దీ, ఏళ్ల తరబడి దాని గరుకులో ఇంకిపోయిన సున్నపు చుక్కలు సన్నగా తెల్లగా పైకి తేలాయి. ఒక వరస వంకరగా ఉంది. అవి ఆరిపోయేదాకా మేమిద్దరం వాకిట్లోనే నిలబడ్డాం.